తూకమునకు అమ్మిన గొంతుకలు

మహానగరమునకు పోయివచ్చిన మనవారిని “అచ్చట ఏమేమి చూచితిరి?” అని అడిగినచో వచ్చు ప్రత్యుత్తరము ఇంచుమించు ఒక్కటియే. కలకత్తా అయినచో కాళీఘట్టము, విక్టోరియా స్మారకభవనము, హౌరా వంతెన. బొంబాయి అయినచో మహాలక్ష్మి గుడి, గేట్ వే, సముద్రతీరము. మదరాసు అయినచో కపాలీశ్వరుని కోవెల, మెరీనా, త్యాగరాయనగరపు చీరల కొట్లు. వీనిని చూడవలదని మేము చెప్పము. చూడవలసినవే. కాని ఈ నగరములన్నిటిలోను మన యింటి సొత్తు కొంత చిక్కుపడి యున్నదనియు, దాని జాడ తీయుటకు మనవారు ఒక్క పూటయైనను వెచ్చింపరనియు మా అభియోగము.

ఆ సొత్తు బంగారము కాదు, భూమి కాదు. లక్కయు, రాతిపొడియు, మసియు కలిపి అచ్చుపోసిన నల్లని గ్రామఫోను రికార్డులు. వాని గాడులలో మన తాతల కాలపు గొంతుకలున్నవి. వానిని అమ్మువారు గొప్ప వర్తకసంఘములవారు కారు. ఇరుకు సందులలో, మెట్లక్రింద, పాతపుస్తకముల కొట్ల సరసన, తన బండారమునకు తానే యజమానియు, గుమాస్తాయు, తోటీయు అయి కూర్చున్న చిన్న అంగడివాడు. అట్టి అంగడిని వెదకుట పనిలేనివాని వేడుక యని మా మిత్రులు కొందరు నవ్వుచుందురు. అది వేడుక కాదనియు, చదువుకొన్న తెలుగువాని విధులలో ఒకటనియు నిరూపించుటకే ఈ వ్యాసము వ్రాయబూనితిమి.

ముందుగా మా తప్పు ఒప్పుకొనెదము. మా తాతగారి కాలమున మా యింట కీ ఇచ్చి తిప్పెడి గ్రామఫోను ఒకటియు, ఒక రేకుపెట్టెనిండ రికార్డులును ఉండెడివి. మర చెడిపోయిన తరువాత పెట్టె అటుక యెక్కెను. మేము బడికి పోవు దినములలో ఇల్లు మారవలసివచ్చి, ఆ పెట్టెను పాతసామానులవానికి తూకమునకు వేసితిమి. బండి యొద్దకు దానిని మోసికొనిపోయినవారము మేమే. వాడు రేకునకు వెల కట్టెను. లోపలి రికార్డులకు వెల లేదనెను. మా మొగము చూచి చిన్న స్టీలుగిన్నె ఒకటి కొసరుగా ఇచ్చెను. ఆ గిన్నె మా యింట నేటికిని ఉన్నది. ఆ రికార్డులలో ఎవరెవరి పాటలుండెనో చెప్పగలవారు మాత్రము మా యింట ఎవ్వరును లేరు. కావున ఈ వ్యాసమున మేము ఇతరులపై వేయు ప్రతి నిందయు మొదట మాకు తగిలినదే యని చదువరులు గ్రహింతురుగాక.

కొంతకాలము క్రిందట వేసవి సెలవులలో కలకత్తా పోయితిమి. అచ్చట ఫ్రీస్కూలు వీథి యని ఒకటి కలదు. ఇప్పుడు దానికి మీర్జా గాలిబు వీథి యని పేరు. పాత రికార్డులమ్ము కొట్లకు ఆ వీథి చిరకాలమునుండి ప్రసిద్ధము. కొన్ని ఇంకను మిగిలియున్నవి. ఫోనులోని పటమును నమ్ముకొని బయలుదేరితిమి. అది మమ్ము చెవికి తగిలించుకొను తీగలమ్ము ఒక మెరుగుల దుకాణము ముందర నిలిపినది. అచ్చటి కుఱ్ఱవాడు రికార్డులనగా ఏమియో యెఱుగడు. తుదకు ఒక హార్మోనియము బాగుచేయువాని నడిగితిమి. ఆతడు తల యెత్తకయే చేయి చూపెను. ఇందుండి మేము నేర్చిన మొదటి పాఠమిది: ఇట్టి అంగళ్ళ దారి పటములకు తెలియదు. వాద్యములు బాగుచేయువానికి తెలియును, పాతపుస్తకములవానికి తెలియును, ఒక అంగడివానికి రెండవ అంగడివాని యిల్లు తెలియును. అడుగుటకు నోరును, నడచుటకు కాళ్ళును ఉన్నవారికే అవి దొరకును.

ఆ అంగడి వెడల్పు రెండు బారలకు మించదు. నేలనుండి దూలము వరకు రికార్డులే. యజమాని వృద్ధుడు. ఉత్తరహిందూస్థానపు ఠుమ్రీలకొకచోటు, వంగదేశపు పాటలకొకచోటు, ఆంగ్లసంగీతమునకొకచోటు, చలనచిత్రగీతములకు ఏటి కొక వరుస. ఇంత చక్కగా సర్దుకొన్న ఆతని యంగడిలో ఒక మూల మాత్రము చిందరవందరగా ఒక గుట్ట పడియుండెను. దానిపై ఒక అట్టముక్క; దానిమీద ‘మదరాసీ’ అని వ్రాసియుండెను. నాలుగు భాషలకును ఆ యొక్క పేరే.

“ఇవి ఎందుకు వేఱు చేయలేదు?” అని అడిగితిమి.

“చదువ వచ్చినవాడు వచ్చిననాడు గదా వేఱుచేయుట, మాస్టర్ సాహెబ్! మీవారు ఈ ఊరికి వత్తురు. కాళీమాతను చూచి పోవుదురు. నా గడప త్రొక్కినవారు ఎందరు?” అని ఆతడు ప్రశ్నించెను.

మాకు ప్రత్యుత్తరము తోచలేదు. నేలమీద కూర్చుండి ఆ గుట్టను విప్పితిమి. రెండు గంటలకు నాలుగు దొంతరలయ్యెను. తెలుగు దొంతరలో పౌరాణిక నాటకముల పద్యములు కలవు, హరికథలు కలవు, కీర్తనలు కలవు, జావళులు కలవు. వానిలో ఒక రికార్డు అంచు పగిలి, నడిమి కాగితము సగము గీసికొనిపోయి యున్నది. పాడినవారి పేరున్న భాగమే పోయినది. యజమాని దానిని మర మీద పెట్టి వినిపించెను. గరగరల నడుమ ఒక స్త్రీ కంఠము జావళి పాడినది. మూడు నిమిషములు. తరువాత సూది లోపలి గాడిలో పడి గిరగిర తిరుగుచుండెను. ఎవరామె? మాకు తెలియలేదు.

అప్పుడు ఆ వృద్ధుడు రికార్డును దీపమునకు ఏటవాలుగా పట్టి, కాగితపు చుట్టునకును గాడుల అంతమునకును మధ్యనున్న నున్నని చోటును చూపెను. అచ్చట లక్కలోనే అచ్చుపడిన కొన్ని అంకెలు కనబడినవి. “కాగితము చినుగును, అంకె చినుగదు. కంపెనీవారి పాత జాబితా దొరికినచో ఈ అంకెనుబట్టి ఆమె పేరు దొరకును,” అని చెప్పెను. మేము బడిలో పాఠములు చెప్పి బ్రతుకువారము. సంస్కృతమును ఆంగ్లమును కొంత చదివినవారము. శాసనములు చదువుటకు లిపి నేర్చుకోవలెనని పిల్లలకు బోధింతుము. ఇదియు ఒక శాసనమే యనియు, దీనికిని ఒక లిపి కలదనియు మాకు చెప్పుటకు ఆ అంగడివాడు కావలసి వచ్చెను.

చదువరులలో కొందరికి ఈ రికార్డుల పూర్వకథ తెలియకపోవచ్చును గనుక సంగ్రహముగా చెప్పెదము. 1877లో ఎడిసను శబ్దమును గొట్టముపై నిలుపు యంత్రమును కనిపెట్టెను. 1887లో ఎమిలీ బెర్లినరు గొట్టమునకు బదులు చదునైన బిళ్ళను వాడు గ్రామఫోనునకు హక్కు పొందెను. బిళ్ళయైనచో ఒక అచ్చునుండి వేలకొలది తీయవచ్చును. కావుననే అది లోకమంతయు వ్యాపించినది. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ముద్రించిరి. ఆ ముద్రణములు సముద్రము దాటి జర్మనీలోని హానోవరులో అచ్చుపడి మరల ఇచ్చటికి వచ్చెడివి. పాట తుదను ఆమె తన పేరు తానే చెప్పుకొనెడిది. భాష తెలియని ఆ దూరదేశపు పనివారు ఏ పాట ఎవరిదో గుర్తించుటకు అది ఉపకరించెను. 1908లో కలకత్తాలోని సియాల్దాలోనే అచ్చుశాల వెలసినది. ఆ బిళ్ళలు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడివి. పది అంగుళముల బిళ్ళకు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషముల పాట పట్టును. ఆ బిళ్ళలకు ముఖ్యద్రవ్యమైన లక్క లోకమునకు ప్రధానముగా మన దేశమునుండియే పోయెడిది. యుద్ధకాలమున లక్క కరవైనప్పుడు, 1942లో అమెరికాలో పాత బిళ్ళలను ప్రోగుచేయించి, నూరి, క్రొత్తవాటిలో కలిపిరి. ఎన్ని పాటలు అట్లు పొడియయ్యెనో!

తెలుగుదేశమునకు ఈ మర చేసిన మేలు చిన్నది కాదు. నాటకసమాజములు పట్టణములకు పోవును. కుగ్రామములకు అన్నిటికిని పోజాలవు. రికార్డు పోయినది. కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యము, పువ్వుల సూరిబాబుగారి పద్యము, కల్యాణం రఘురామయ్యగారి పద్యము నాటకశాల గడప త్రొక్కనివారి చెవులబడినవి. ఓడియన్ రికార్డులకు మదరాసులో ఏ.వి. మెయ్యప్పన్‌గారు తన భాగస్వాములతో నడపిన సరస్వతీ స్టోర్సు పేరుపొందిన నిలయము. పుస్తకము చదువలేనివానికి కూడ పద్యము నోటికి వచ్చుటకు ఈ నల్లబిళ్ళ ఒక ముఖ్యకారణము. అచ్చుయంత్రము మన వచనమునకు ఏమి చేసినదో వందలకొలది వ్యాసములు వ్రాసికొన్నాము. రికార్డు మన పద్యమునకు ఏమి చేసినదో వ్రాసినవి వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. ఎందుచేత? పుస్తకమును గ్రంథాలయమున పెట్టితిమి. రికార్డును అటుక యెక్కించితిమి.

ఇక నొప్పించు మాట ఒకటి చెప్పవలసియున్నది. ఇట్టి సంస్కరణ పత్రికలు చదువువారికే అది ముఖ్యముగా తగులును.

రికార్డుల తొలినాళ్ళలో పాడిన స్త్రీలలో పెక్కుమంది దేవదాసీ, భోగపు కుటుంబములవారు. గృహస్థుల యిండ్ల స్త్రీలు నలుగురిలో పాడుట అవమానమని తలచిన కాలమది. సేలము గోదావరి, కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ మున్నగువారు మర ముందర నిలిచి పాడిరి. వారు పాడిన కీర్తనలలోను జావళులలోను భాష ఎక్కువగా తెలుగే. తరువాత సంస్కరణోద్యమము వచ్చినది. భోగము మేళములు మానవలెనన్నది. బాలికలను దేవాలయములకు అర్పించుట నిలుపవలెనన్నది. 1947లో మదరాసు రాష్ట్రమున ఆ దురాచారమును నిషేధించుచు శాసనము పుట్టినది. అది న్యాయమైన శాసనము. అందుకై పోరాడినవారికి మేము నమస్కరింతుము. కాని ఆ యూపులోనే పెద్దమనుష్యుల యిండ్లలో మఱియొక పని జరిగినది. ఆ స్త్రీల వృత్తితోపాటు వారి విద్యను కూడ వెలివేసిరి. “అట్టివారి పాటలు మన యింట నుండరాదు” అని రికార్డులను బయటవేసిరి. దురాచారమును చంపవలసినదే. కంఠమును చంపుమని ఎవరు చెప్పిరి?

ఈ దోషము నుండి మన మహనీయులు కూడ తప్పించుకొనలేదు. వీరేశలింగము పంతులుగారంతటివారు ముద్దుపళనిని కవయిత్రిగా గాక శీలము లేనిదానిగా చూచిరి. ఆమె రాధికాసాంత్వనమును 1910లో పరిష్కరించి ప్రకటించినది బెంగుళూరు నాగరత్నమ్మయే. ప్రభుత్వము ఆ పుస్తకమును నిషేధించినది; 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. పుస్తకమునకు విమోచనము దొరకినది. ఆ ప్రకాశకురాలి వంటి స్త్రీల రికార్డులకు దొరకలేదు; వానిని నిషేధించినవారు ప్రభుత్వమువారు కారు గదా, మనమే. మన నిషేధమును ఎత్తివేయుటకు శాసనసభ అక్కఱలేదు. ఒక అంగడి గడప త్రొక్కినచాలును.

విదేశీయుడొకడు ఆ గడప విలువ నూఱేండ్ల క్రిందటనే యెఱిగెను. ఫ్రాన్సు దేశపు సంగీతకర్త మోరిస్ డెలాజ్ 1912 ప్రాంతమున మన దేశమునకు వచ్చెను. కోయంబత్తూరు తాయి పాడిన రికార్డులను విని, వానిని ఆధారము చేసికొని ‘రాగమాలిక’ యను కృతిని కూర్చెను. ఆ పాట భాష ఆతనికి తెలియదు, కులము తెలియదు, తెలిసినది స్వరము మాత్రమే. బాటసారిగా వచ్చినవాడు మన గొంతుకను తన దేశమునకు గొనిపోయెను. బాటసారులుగా పోవుచున్న మనము మన గొంతుకను మన యింటికి తెచ్చికొనలేకున్నాము.

ఇప్పుడు ప్రతిపక్షుల వాదములను విందము.

మొదటివారు “అన్ని పాటలును ఫోనులో నున్నవి, సందులవెంట తిరుగుట యేల?” అందురు. అన్నియు ఉన్నవని వారు ఎట్లు ఎఱుగుదురు? ఉన్నవే కనబడును గాని లేనివి కనబడవు గదా! పైగా, నెలనెలా రుసుము కట్టి వినెడి పాట మనది కాదు, అద్దెది. హక్కుదారునికిని ఆ సంస్థకును ఒడంబడిక చెడిననాడు నిన్న వినిన పాట నేడు మాయమగును. అడుగుటకు ఒక మనిషియు ఉండడు. పేర్ల సంగతి చెప్పనక్కఱలేదు. పాట పేరు, చిత్రము పేరు ఉండును. పద్యము వ్రాసినదెవరు, హార్మోనియము వాయించినదెవరు అనునవి పెక్కుచోట్ల ఉండవు. హానోవరు పనివారికొఱకు గౌహర్ జాన్ తన పేరు తాను చెప్పుకొన్నది. నేడు అంత పెద్ద యంత్రాంగముండియు పాటకు తల్లిదండ్రులు లేకపోవుచున్నారు. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి: ఫోనులో వినబడు 78 చుట్ల కాలపు పాటలలో పెక్కింటి వెనుక, ఏదో యొక అంగడిలో గంటలకొలది వంగి వెదకిన సేకర్త యొకడు కలడు. మదరాసులో వి.ఎ.కె. రంగారావుగారు దశాబ్దములపాటు కూడబెట్టిన వేలకొలది రికార్డులు ఆకాశమునుండి ఊడిపడలేదు. 1900లో తెరువబడి 1985 మే నెలలో అగ్నికి ఆహుతియైన మూర్ మార్కెట్టు వంటి చోట్ల పాతసామానుల నడుమనే సేకర్తలకు ఇట్టి నిధులు దొరకెడివి. చెరువు ఎండినచో కాలువలో నీరెక్కడిది?

రెండవవారు “ఇది ధనికుల సోకు” అందురు. ఇందు కొంత నిజము కలదు. పాటవినక గోడకు తగిలించుకొనుటకు రికార్డులు కొనువారిని మేమును చూచితిమి. రికార్డు ధ్వనియే దివ్యమనియు, తక్కినదంతయు మట్టియనియు వాదించువారితో మాకు పొత్తు లేదు, చెవిటి పంతమది. గరగరలేని ధ్వని కావలసినవారు నిరభ్యంతరముగా ఫోనులోనే విందురుగాక. మేము రికార్డును సోకుగా కోరుటలేదు, సాక్ష్యముగా కోరుచున్నాము. తాళపత్రము మీద ప్రీతి ఎవరికిని అలంకారముకొఱకు కలుగదు. అందున్న పాఠము మఱియెచ్చటను లేకపోవుటచేత కలుగును. సోకు చేయువారున్నారని సాక్ష్యమును వదలుకొందుమా?

మూడవవారు వ్యాపారజ్ఞులు. “ఈ అంగళ్ళ కాలము చెల్లినది, చచ్చువానికి నీరు పోయుట వృథా” అందురు. లెక్కలు చూతము. అమెరికాలో టవర్ రికార్డ్స్ అను మహాసంస్థ 2006లో తన దేశపు దుకాణములన్నిటిని మూసినది. ఇంగ్లండులో కుక్కబొమ్మతో ప్రసిద్ధమైన హెచ్.ఎం.వి. దుకాణములు 2013లో దివాలా అంచునకు పోయినవి. కలకత్తా పార్కు వీథిలోని మ్యూజిక్ వరల్డ్ 2013లో మూతపడినది. కూలినవి ఇట్టి మేడలు. కార్డిఫు నగరమున 1894లో మొదలైన స్పిల్లర్సు అను చిన్న కొట్టు మాత్రము ఇంకను రికార్డులమ్ముచునే యున్నది. 2007లో అమెరికాలోని చిన్న అంగళ్ళవారు కొందరు కూడి, ఏటికొక దినమును తమ పండుగగా జరుపుకొనవలెనని తలచిరి. 2008 నుండి అది సాగుచున్నది. 2022లో ఆ దేశమున పెద్ద రికార్డులు సుమారు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడుపోగా సీడీలు 3 కోట్ల 30 లక్షలే అమ్ముడుపోయినవి. 1987 తరువాత రికార్డుది పైచేయి యగుట అదే మొదలు. చచ్చినదన్న వస్తువు ఇట్లు లేచి కూర్చున్నది.

చిన్న అంగళ్ళు చావవని మేము చెప్పుటలేదు. బొంబాయి కాలాఘోడాలో తరతరములు సంగీతప్రియులకు నెలవైన రిథమ్ హౌస్ 2016లో మూతపడెను. మేము చెప్పునది ఇది: పెద్ద దుకాణము ఈ నెల అమ్ముడుపోవుదానిని మాత్రమే దాచును, అమ్ముడుపోనిది దానికి బరువు. చిన్న అంగడివాడు ఇరువదియేండ్లు అమ్ముడుపోని ‘మదరాసీ’ గుట్టను కూడ పారవేయడు. ఎవడో చదువ వచ్చినవాడు వచ్చునని కాచుకొనును. ఈ ఓర్పునకే మనము ఋణపడియున్నాము. ఆ ఓర్పు ఆతనితోనే పోవును. కుమారుడు ఆ చోట ఫోనులు బాగుచేయు కొట్టు పెట్టును. గుట్ట తూకమునకు పోవును.

ఆ అంగళ్ళవారందరును పుణ్యపురుషులని మేము చెప్పము. మఱియొక నగరమున ఒక వర్తకుడు మా ముఖమున ఆతురతను చదివి, పగులును మైనముతో కప్పిన రికార్డును మాకు మంచి వెలకే అంటగట్టెను. ఇంటికి వచ్చి చూచుకొంటిమి. మోసపోయినందుకు కోపము వచ్చినది గాని, నేర్పు కూడ వచ్చినది: కొనుటకు ముందు వెలుతురునకు పట్టి చూడవలెను, గోరుతో అంచు తడవవలెను, వినిపింపుమని అడుగవలెను. చేపల అంగడిలో ఇంత జాగ్రత్త పడనివారెవరు?

కావున మా ప్రార్థనలు నాలుగు.

మొదటిది బాటసారులకు. మహానగరమునకు పోవునప్పుడు ఒక్క పూట ఈ పనికి విడువుడు. కలకత్తాలో మీర్జా గాలిబు వీథి కలదు. బొంబాయిలో చోర్ బజారు కలదు. ఢిల్లీలో చాందినీచౌకు, జుమ్మామసీదు పరిసరములు కలవు. దక్షిణదేశపు గుట్ట ఏదని అడుగుడు. కొన్నను కొనకున్నను, తెలుగు కాగితములున్నవానిని వేఱు చేసి, పేరులు వ్రాసికొని, లక్కలోని అంకెలు వ్రాసికొని రండు.

రెండవది గృహస్థులకు. అటుకమీది పెట్టెను పాతసామానులవానికి వేయకుడు. వేయక తప్పదన్నచో ముందుగా కాగితములనైనను చదివి వ్రాసిపెట్టుకొనుడు. రికార్డులను పడుకోబెట్టి దొంతరలుగా పేర్చినచో క్రిందివి వంగును, పగులును. పుస్తకములవలె నిలువుగా నుంచుడు. ఎండ తగులనీయకుడు.

మూడవది గ్రంథాలయములకు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును నెలకొల్పిన జాతి మనది. రాజాస్థానముల కొఱకు కాక ఊరివారికొఱకు పుస్తకములను కూడబెట్టిన జాతి. అట్టి ప్రతి గ్రంథాలయమునందును ఒక అర రికార్డులకు, ఒక మూల మరకు ఈయలేమా? 78 చుట్ల వేగము కల మర కావలెను. పాత రికార్డుల గాడి వెడల్పు గనుక దానికి తగిన లావు సూది వేఱుగా కావలెను. క్రొత్త రికార్డుల సన్నని సూది దానికి పనికిరాదు. ఇంతకంటె ఏమియు అక్కఱలేదు. చట్టము అడ్డమందురా? 1957 నాటి మన చట్టము ప్రకారము ధ్వనిముద్రణమునకు హక్కు, అది వెలువడిన మఱుసటి సంవత్సరారంభము నుండి 60 ఏండ్లు. 1950కి ముందు వెలువడిన ముద్రణముల హక్కు ఎన్నడో తీరినది. పాట వ్రాసినవారికిని వరుస కట్టినవారికిని హక్కు వేఱుగా నుండవచ్చును. వారి మరణానంతరము 60 ఏండ్ల లెక్క చూచుకొనవలెను. త్యాగరాజు కీర్తనకు, క్షేత్రయ్య పదమునకు ఆ చిక్కును లేదు.

నాలుగవది ఉపాధ్యాయులకు, అనగా మావంటివారికి. పిల్లలను విహారయాత్రకు కొనిపోవునప్పుడు జంతుప్రదర్శనశాలతోపాటు ఇట్టి అంగడికొకదానికి కొనిపోవుదము. పాఠ్యపుస్తకమున పద్యము అచ్చులో నుండును. అది పాడుటకు పుట్టినదని, ఒక మనిషి గుండెనిండ గాలి పీల్చి దానిని పాడెనని పిల్లవాడు ఒక్కసారియైనను వినవలెను.

కలకత్తా అంగడిలోని ఆ అంచు పగిలిన రికార్డును మేము కొంటిమి. వృద్ధుడు వెల తగ్గించుటకు ఒప్పుకొనలేదు. “మీవారు కొనుట మొదలుపెట్టిననాడు తగ్గించెదను” అనెను. బేరమాడుటకు మాకును నోరు రాలేదు. దాని అంకెను వ్రాసి తెలిసినవారికెల్ల పంపితిమి. ఆమె పేరు ఇంకను దొరకలేదు. వెదకుచున్నాము.

లేచి వచ్చునప్పుడు ఆతడు ఒక క్రొత్త అట్టముక్కయు, నల్లని కలమును మా చేతికిచ్చి, మా దొంతరకు మా భాషలో పేరు వ్రాయుమనెను. ‘తెలుగు’ అని పెద్ద అక్షరములతో వ్రాసి ఆ దొంతరపై నిలిపితిమి. మనవారెవరైనను ఆ వీథికి పోయినయెడల ఆ యట్ట ఇంకను ఉన్నదో లేదో చూచి మాకు తెలుపవలెనని ప్రార్థన.